పుస్తకం పక్కన మనిషి: పాశ్చాత్య మార్మికులు చదివిన తూర్పు మతాలు



ఏ యోగా కేంద్రానికి వెళ్లినా గోడ మీద ఒక బొమ్మ కనిపిస్తుంది. పద్మాసనం వేసుకున్న మనిషి, వెన్నెముక పొడుగునా ఏడు పద్మాలు. అడుగున మూలాధారం ఎరుపు, దానిపైన నారింజ, ఆపైన పసుపు, గుండె దగ్గర ఆకుపచ్చ, గొంతు దగ్గర నీలం, కనుబొమల మధ్య ముదురు నీలం, నడినెత్తిన ఊదా. ఇంద్రధనుస్సు రంగులు వరస తప్పకుండా ఉంటాయి. ఇదంతా వేల ఏళ్ల కిందట మన రుషులు చూసి చెప్పిన విజ్ఞానమని శిక్షకులు చెబుతారు. హైదరాబాదులో అదే బొమ్మ, అమెరికాలో డాలస్‌కి వెళ్లినా అదే బొమ్మ.

ఇప్పుడు మన ఇళ్లలో శుక్రవారం పూట పారాయణ చేసే లలితా సహస్రనామం తీసుకోండి. ఈ చక్రాలన్నీ అందులోనూ ఉన్నాయి. కానీ లెక్క మూలాధారంతో మొదలవదు, గొంతు దగ్గరి విశుద్ధితో మొదలవుతుంది. అక్కడ ఉండే యోగిని డాకిని. ఆమెది లేత ఎరుపు ఛాయ, ఆమె స్థానం చర్మం, ఆమెకు ఇష్టమైన నైవేద్యం పాయసం. తర్వాత హృదయంలోని అనాహతం. అక్కడ రాకిని, శ్యామవర్ణం, ఉండేది రక్తంలో, ఇష్టం నేతి అన్నం. మణిపూరంలో లాకిని, ఎరుపు రంగు, మాంసం, బెల్లపు అన్నం. స్వాధిష్ఠానంలో కాకిని, పసుపు రంగు, కొవ్వు, దద్ధ్యోజనం. ఆ తర్వాత మూలాధారంలో సాకిని, ఎముకలు, పెసరపప్పు కలిపిన అన్నం. అక్కడినుంచి ఒక్కసారిగా పైకి, ఆజ్ఞాచక్రానికి. హాకిని, తెలుపు, మజ్జ, పసుపు కలిపిన అన్నం. చివరికి సహస్రారంలో యాకిని. ఆమెకు అన్ని రంగులూ ఉన్నాయి, అన్ని అన్నాలూ ఇష్టమే.

ఈ వరస ఎందుకిలా ఉందో గమనించారా? చర్మం, రక్తం, మాంసం, కొవ్వు, ఎముక, మజ్జ, శుక్రం. శరీరంలోని ఏడు ధాతువులు బయటినుంచి లోపలికి ఒక్కొక్కటిగా వస్తున్నాయి. కింది మెట్టునుంచి పై మెట్టుకు ఎక్కే నిచ్చెన కాదు ఈ పాఠం. ఒంట్లోని ప్రతి ధాతువులోనూ ఒక దేవత ఉంది, ఆమెకు ఫలానా అన్నం వండి పెట్టాలి, అన్న ఆరాధన ఇది. గోడ మీది బొమ్మలో దేవత లేదు, ధాతువు లేదు, దద్ధ్యోజనం అసలే లేదు. గుండె దగ్గరి ఆకుపచ్చ కూడా ఈ పాఠంలో ఎక్కడా లేదు.

మరి ఆ బొమ్మ ఎవరిది? దాని వెనుక దాదాపు నూట యాభై ఏళ్ల కథ ఉంది. తూర్పు మతాలలో ఏదో గుప్తజ్ఞానం దాగి ఉందని నమ్మి, దాన్ని వెతుక్కుంటూ వచ్చిన పాశ్చాత్య మార్మికుల కథ అది. వాళ్లందరూ మోసగాళ్లని తేల్చేసేవాళ్లున్నారు, వాళ్లే మన సంస్కృతిని కాపాడారని పొగిడేవాళ్లూ ఉన్నారు. నాకు ఈ రెండు మాటలూ తృప్తినివ్వలేదు. వాళ్ల పుస్తకాలు చదివేటప్పుడు నేను ఒక్కటి వెతుకుతాను. ఆ పుస్తకం రాస్తున్నప్పుడు పక్కన ఈ దేశపు మనిషి ఎవరు కూర్చున్నారు? ఆ మనిషి మాట చెవిన పడిందా, లేదా? పుస్తకం మంచిచెడ్డలు చాలావరకు అక్కడే తేలిపోతాయని నా నమ్మకం.

ముందు వాళ్లు ఏ ఆకలితో వచ్చారో చూద్దాం. 15వ శతాబ్దంలో ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో మార్సీలియో ఫిచీనో అనే పండితుడు ఉండేవాడు. ప్లేటో గ్రంథాలను లాటిన్‌లోకి తెచ్చే పనిలో ఉండగా, హెర్మెస్ అనే ఈజిప్టు రుషి చెప్పినవిగా పేరున్న గ్రీకు గ్రంథాలు దొరికాయి. ప్రభువు కోసిమో దె మెదిచి ప్లేటోను పక్కనపెట్టి ముందు వాటిని అనువదించమన్నాడు. మోసెస్ కాలం నాటి జ్ఞానం చేతికందిందని వాళ్లు పొంగిపోయారు. 1614లో ఐజక్ కసోబాన్ అనే పండితుడు ఆ గ్రంథాలు క్రీస్తు తర్వాతి శతాబ్దాలవని భాషను బట్టి నిరూపించాడు. అయినా కోరిక చావలేదు. మతాలన్నిటికీ తల్లి అయిన ప్రాచీన జ్ఞానం ఒకటుంది, అది కొద్దిమంది సిద్ధుల చేతిలో భద్రంగా ఉంది, సంకేతాలు విప్పగలిగితే అందుతుంది అన్న ఆశ యూరప్‌లో లోలోపల సాగుతూనే వచ్చింది. 19వ శతాబ్దానికి ఒకవైపు చర్చి మీద నమ్మకం సడలింది. ఇంకోవైపు డార్విన్ తర్వాతి విజ్ఞానశాస్త్రం మనిషిని జంతువుల సరసన నిలబెట్టింది. ఈ రెంటికీ లొంగని ఆత్మవిద్య కావాలని ఎంతోమంది నిజంగా తపించారు. వాళ్ల తపనను నేను తక్కువ చేయను.

1875లో న్యూయార్క్‌లో దివ్యజ్ఞాన సమాజం పుట్టింది. దాని స్థాపకుల్లో హెలెనా బ్లావాట్‌స్కీ రష్యా సామ్రాజ్యంలో పుట్టిన మనిషి. హెన్రీ ఆల్కాట్ అమెరికా అంతర్యుద్ధంలో పనిచేసిన కర్నల్, వకీలు. 1877లో బ్లావాట్‌స్కీ రాసిన పెద్ద పుస్తకం పేరులో ఈజిప్టు దేవత ఐసిస్ ఉంది. 1888లో రాసిన 'సీక్రెట్ డాక్ట్రిన్' తెరిస్తే పేజీ పేజీకీ మూలప్రకృతి, మన్వంతరం, ప్రళయం, మహత్తు. పదకొండేళ్లలో ఆ గుప్తజ్ఞానం చిరునామా నైలు ఒడ్డునుంచి హిమాలయాలకు మారిపోయింది. లోపలి నమూనా మాత్రం ఫిచీనో నాటిదే: ఆదిలో ఒక్క జ్ఞానం, దాన్ని కాపాడే సిద్ధులు, అర్హులకే విప్పి చెప్పే రహస్యం.

ఇండియాకు రాకముందే వాళ్లు దయానంద సరస్వతిని తమ గురువుగా భావించి, తమ సమాజాన్ని ఆర్యసమాజానికి అనుబంధంగా ప్రకటించుకున్నారు. ఆయన రాసినవి దూరంనుంచి, అనువాదంలో చూసి తమ సిద్ధాంతమే ఆయన సిద్ధాంతమనుకున్నారు. 1879లో బొంబాయిలో దిగి ముఖాముఖి మాట్లాడాక అసలు సంగతి తెలిసింది. దయానందుడిది వేదప్రామాణ్యం, ఈశ్వరుడి మీద గట్టి నమ్మకం. వీళ్లు సిలోన్‌కు వెళ్లి బౌద్ధం స్వీకరించి వచ్చారు. 1882 నాటికి స్నేహం తెగిపోయింది. అదే ఏడాది మద్రాసులో అడయారు నది ఒడ్డున తోట కొని సమాజాన్ని అక్కడికి మార్చారు. అక్కడే మన కాకినాడ మనిషి కథలోకి వస్తాడు.

తల్లాప్రగడ సుబ్బారావు గారు 1856లో కాకినాడలో పుట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి, కొంతకాలం బరోడాలో ఉద్యోగం చేసి, తర్వాత మద్రాసు హైకోర్టు వకీలుగా స్థిరపడ్డారు. 1881లో 'థియోసఫిస్ట్' పత్రికలో రాశిచక్రంలోని పన్నెండు రాశుల అంతరార్థం మీద ఒక వ్యాసం రాశారు. అది చూసి బ్లావాట్‌స్కీ, ఆల్కాట్ ఆశ్చర్యపోయారు. అప్పటికి ఆయన వయసు పాతికేళ్లు. వాళ్లు మద్రాసుకు మకాం మార్చడంలో సుబ్బారావు గారి స్నేహానికి కూడా పాత్ర ఉంది.

ఆ రోజుల్లో అలహాబాదులో 'పయనీర్' పత్రిక సంపాదకుడుగా ఉన్న సిన్నెట్ దొరకు గుప్తవిద్య నేర్పమని సుబ్బారావు గారిని అడిగారు. ఆయన షరతు పెట్టారు. ఈ విద్య కావాలంటే జీవన విధానం మారాలి, ఉన్నచోట ఉన్నట్టే ఉంటూ పాఠాలు మాత్రం చెప్పించుకుంటానంటే కుదరదన్నారు. సిన్నెట్‌కు ఆ మార్పు సాధ్యపడలేదు. ఆ ఏర్పాటు అంతటితో ఆగింది. ఆ తర్వాత సిన్నెట్ రాసిన 'ఎసొటెరిక్ బుద్ధిజం' యూరప్‌లో విపరీతంగా చదివారు. మన దగ్గర జ్ఞానానికి ముందు సాధన, ఆచారం, గురువు ఉంటాయి. పుస్తకంగా మారినప్పుడు మొదట రాలిపోయేవి అవే. సుబ్బారావు గారు పెట్టిన షరతులో ఈ సంగతంతా ఉంది.

అసలు వివాదం 1887లో వచ్చింది. మనిషిలో ఏడు తత్త్వాలున్నాయని దివ్యజ్ఞానులు బోధించేవారు: స్థూలశరీరం, ప్రాణం, లింగశరీరం, కామరూపం, మనస్సు, బుద్ధి, ఆత్మ. పేర్లన్నీ మనవే కాబట్టి ఇది మన శాస్త్రమేననిపిస్తుంది. కానీ వాళ్ల పట్టికలో లింగశరీరమంటే స్థూలదేహానికి నీడలాంటి ప్రతిరూపం. శవంతోపాటు అదీ కరిగిపోతుంది. మన వేదాంతంలో లింగశరీరం పది ఇంద్రియాలు, ఐదు ప్రాణాలు, మనస్సు, బుద్ధి కలిసిన పదిహేడింటి సముదాయం. చచ్చిన మనిషి వాసనలను మోసుకుని ఇంకో జన్మకు వెళ్లేది అదే. అది కూడా శవంతో పోతే పునర్జన్మ కథ మొత్తం ఇంకో దారి పట్టాలి.

1886 డిసెంబరులో అడయారు సభల్లో సుబ్బారావు గారు భగవద్గీత మీద నాలుగు ఉపన్యాసాలిచ్చారు. ఏడు తత్త్వాల విభజన శాస్త్రీయంగా లేదనీ, తాను తారక రాజయోగం ప్రకారం నాలుగింటినే తీసుకుంటాననీ నిండు సభలో చెప్పారు. స్థూల, సూక్ష్మ, కారణ ఉపాధులు మూడు, వాటికి సాక్షి అయిన ఆత్మ ఒకటి. ఇందులో వాదన చాలా సరళం. జాగ్రత్, స్వప్న, సుషుప్తి అనే మూడు అవస్థలు అందరికీ అనుభవంలో ఉన్నాయి. ఒక్కో అవస్థకు ఒక్కో ఉపాధి. అనుభవానికి అందే విభజన ఇది. ఉపాధిని విడదీసి పరిశీలించే వీలులేని చోట తత్త్వాల సంఖ్య పెంచి ప్రయోజనమేమిటని ఆయన అభిప్రాయం. బ్లావాట్‌స్కీకి ఇది బాధ కలిగించింది. 'థియోసఫిస్ట్'లో ఆమె సమాధానం రాశారు, ఈయన దానికి ప్రతిసమాధానం రాశారు. కొన్ని నెలలపాటు ఆ పత్రిక పేజీల్లోనే వాదం నడిచింది.

ఇక్కడ న్యాయంగా ఇంకో మాట చెప్పాలి. ఐదేళ్ల ముందు అదే పత్రికలో ఏడు తత్త్వాల విభజనకు మద్దతుగా రాసింది కూడా సుబ్బారావు గారే. గీతోపన్యాసాల్లో ఈశ్వరతత్త్వాన్ని వివరించడానికి 'లోగోస్' అనే గ్రీకు మాట వాడిందీ ఆయనే. అంటే ఆయన కూడా వాళ్ల భాషలోకి వెళ్లి, వాళ్లతో కలిసి వెతికారు. వెతికి, ఎక్కడ కుదరడం లేదో కనుక్కుని, అప్పుడు వేరుపడ్డారు. అందుకే ఆయన మాటకు అంత బరువు. బయటినుంచి రాయి విసిరినవాడు కాదాయన.

'సీక్రెట్ డాక్ట్రిన్' రాతప్రతిని సరిచూడమని బ్లావాట్‌స్కీ యూరప్‌నుంచి ఆయనకే పంపారు. ఆయన చదివారు గాని చేయి పెట్టలేదు. తప్పులు ఎన్ని ఉన్నాయంటే, తాను ముట్టుకుంటే మొత్తం తిరగరాయాల్సి వస్తుందన్నారట. ఈ సంగతి రాసింది ఆయన విరోధులెవరో కాదు, సమాజం అధ్యక్షుడు ఆల్కాట్ తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. 1888లో సుబ్బారావు గారు సమాజానికి రాజీనామా ఇచ్చారు. ఆ ఏడాదే పుస్తకం ఆయన దిద్దుబాటు లేకుండా వెలువడింది. 1890 జూన్‌లో, 34 ఏళ్లు నిండకుండానే, చర్మవ్యాధితో బాధపడి మద్రాసులో కన్నుమూశారు. మరుసటి ఏడాది బ్లావాట్‌స్కీ లండన్‌లో పోయారు. ఆమె పుస్తకం ప్రపంచమంతా తిరిగింది. ఆ పుస్తకాన్ని దిద్దగలిగిన ఒక్క మనిషి పేరు కాకినాడలో ఇవాళ ఎంతమందికి తెలుసు? ఆ దిద్దుబాటు జరిగి ఉంటే మన వేదాంతం గురించి పాశ్చాత్యులు నేర్చుకున్న మొదటి పాఠాలే వేరుగా ఉండేవని నాకు గట్టిగా అనిపిస్తుంది.

పక్కనున్న మనిషి మాట విన్న సందర్భమూ ఉంది. దాన్ని చెప్పకపోతే ఆల్కాట్‌కు అన్యాయం చేసినవాళ్లమవుతాం. 1880లో సిలోన్‌లోని గాలేలో ఆయన, బ్లావాట్‌స్కీ పంచశీలం స్వీకరించారు. అక్కడి పిల్లలు క్రైస్తవ పాఠశాలల్లో చదువుతూ సొంత మతం గురించి ఏమీ ఎరగకపోవడం చూసి, ప్రశ్నలూ జవాబులుగా బౌద్ధ ధర్మబోధిని ఒకటి రాయాలనుకున్నాడు. రాసి హిక్కడువే సుమంగల థేరో ముందు పెట్టాడు. ఆయన మాట మాటా పరిశీలించాడు. నిర్వాణం దగ్గర పేచీ వచ్చింది. నిర్వాణంలో కూడా వ్యక్తి తాలూకు ఏదో సూక్ష్మ అస్తిత్వం మిగులుతుందా అన్న విషయంలో బౌద్ధుల్లో అభిప్రాయభేదాలున్నాయని ఆల్కాట్ రాశాడు. ఆత్మ ఉండితీరాలన్న పాశ్చాత్య మార్మికుడి ఆశ ఆ వాక్యంలో దాక్కుని ఉంది. థేరో వెంటనే పట్టేశాడు. మా బౌద్ధంలో అలాంటి భేదమేమీ లేదు, ఆ వాక్యం ఉంటే ఈ పుస్తకానికి నా అనుమతి ఉండదన్నాడు. ఆల్కాట్ దిద్దుకున్నాడు. 1881లో సింహళంలో, ఇంగ్లీషులో వెలువడ్డ ఆ చిన్న పుస్తకం అనేక భాషల్లోకి వెళ్లింది, తరతరాల పిల్లలు దాన్ని చదివారు. ఆల్కాట్ 1886లో అడయారులో స్థాపించిన గ్రంథాలయం తాళపత్రాలను, రాతప్రతులను సేకరించి దాచింది. 1894లో ఆయన మద్రాసులో దళిత పిల్లల కోసం బడి తెరిచాడు. ఇవన్నీ ఆయన ఖాతాలో ఉండాల్సినవే.

లండన్‌లో చదువుకుంటున్న గాంధీగారు గీతను మొదటిసారి తెరిచింది ఇద్దరు దివ్యజ్ఞాన సమాజం మిత్రుల ప్రోద్బలంతో, అదీ ఎడ్విన్ ఆర్నల్డ్ ఇంగ్లీషు అనువాదంతో కలిపి. మన గ్రంథం మనకు వాళ్ల చేతి మీదుగా తిరిగి అందడం ఎంత పెద్ద సంగతో ఆలోచించండి. అందులో మేలూ ఉంది, చిక్కూ ఉంది. చక్రాల విషయంలో ఆ చిక్కు స్పష్టంగా కనిపిస్తుంది.

1919లో 'సర్పెంట్ పవర్' అనే పుస్తకం వచ్చింది. రచయిత పేరు ఆర్థర్ అవలాన్. ఆ పేరు వెనుక ఉన్నది కలకత్తా హైకోర్టు న్యాయమూర్తి సర్ జాన్ వుడ్రాఫ్. 16వ శతాబ్దపు బెంగాలీ సాధకుడు పూర్ణానందుడి 'షట్చక్ర నిరూపణం' సంస్కృత మూలం, వ్యాఖ్యానం, అనువాదం అందులో ఉన్నాయి. వుడ్రాఫ్ పక్కన అటల్ బిహారీ ఘోష్ అనే కలకత్తా మిత్రుడు ఉన్నాడు. సంస్కృతం పనిలో ఎక్కువ భాగం ఆయనదేనని తర్వాతి పరిశోధకులు తేల్చారు. ఆర్థర్ అవలాన్ అన్న పేరు ఇద్దరిదీ అనుకోవడమే సబబు. అందుకే ఈ పుస్తకంలో దేవతలున్నారు, బీజాక్షరాలున్నాయి, మంత్రసాధన ఉంది. రంగులూ మూలంలో ఉన్నట్టే ఉన్నాయి. అనాహత పద్మం రేకులు మంకెన పువ్వులా ఎర్రన. మణిపూరం రేకులు వానమబ్బులా నల్లన. ఆజ్ఞ వెన్నెలలా తెల్లన.

ఎనిమిదేళ్ల తర్వాత, 1927లో, దివ్యజ్ఞాన సమాజానికి చెందిన సి. డబ్ల్యూ. లెడ్‌బీటర్ 'చక్రాస్' అన్న పుస్తకం ప్రచురించాడు. ఒకప్పుడు ఇంగ్లండు చర్చిలో పురోహితుడాయన. చక్రాలను తన దివ్యదృష్టితో స్వయంగా చూశానని చెప్పుకున్నాడు. ఆయన పట్టికలో స్వాధిష్ఠానం లేదు. దాని స్థానంలో ప్లీహం దగ్గర ఒక చక్రం వచ్చింది. జననేంద్రియాల దాపున ఉండే కేంద్రాన్ని మేల్కొల్పడం ప్రమాదకరమని ఆయన భావన. అలా మన దద్ధ్యోజనం తల్లి కాకినికి ఉన్న ఇల్లే పోయింది. అదే పుస్తకంలో గిక్టెల్ అనే 17వ శతాబ్దపు జర్మన్ మార్మికుడి బొమ్మ కూడా వేశాడు. మనిషి ఒంటి మీద ఏడు గ్రహాల కేంద్రాలు చూపించే బొమ్మ అది. ఏడు లోహాలు, ఏడు గ్రహాలు, ఏడు మెట్లు అనే యూరప్ మార్మికుల పాత లెక్క మన పద్మాల మీదికి ఎలా వచ్చి కూర్చుందో ఆ ఒక్క పుస్తకంలో కళ్లారా చూడవచ్చు. లెడ్‌బీటర్ పక్కన ఏ తాంత్రికోపాసకుడూ కూర్చోలేదు. దివ్యదృష్టి ఉందని నమ్మిన మనిషికి ఇంకొకరిని అడగవలసిన పని కనబడదు.

తర్వాత కథ త్వరగానే నడిచింది. 1932లో జ్యూరిక్‌లో మనోవైజ్ఞానికుడు కార్ల్ యూంగ్ కుండలిని మీద ఉపన్యాసాలిచ్చి చక్రాలను మనసు ఎదుగుదలలో దశలుగా చదివాడు. 1970ల్లో క్రిస్టఫర్ హిల్స్ అనే ఆంగ్లేయుడి రచనలతో ఇంద్రధనుస్సు రంగుల లెక్క బలపడి, అమెరికాలో స్థిరపడి, విమానమెక్కి మన ఊళ్లకు వచ్చింది. నాకు యూంగ్ మీద గౌరవం ఉంది. పాశ్చాత్యులు యోగాన్ని అనుకరించకుండా తమ మనసు తాము తవ్వుకోవాలని ఆయన హెచ్చరించాడు, అది నిజాయితీ ఉన్న మాట. ఆ ఇంద్రధనుస్సు బొమ్మ చూస్తూ ధ్యానం చేసి ఎవరికైనా మనసు కుదుటపడితే నేను కాదనను. కానీ దాని కింద రుషుల పేరు రాయడం సరికాదు. బెంగాల్లోనూ కంచిలోనూ శ్రీవిద్యా పీఠాల్లోనూ గురువు దగ్గర కూర్చుని న్యాసం చేసి, అర్చన చేసి, ఒక్కో స్థానాన్ని దేవతకు ఇల్లుగా మార్చుకున్న సాధకులు ఎందరో ఉన్నారు. వాళ్ల జీవితకాలపు శ్రమ ఆ బొమ్మలో కనబడకుండా పోయింది. నా బాధ దాని గురించే.

టిబెట్ వైపు చూస్తే ఇదే కథ ఇంకొంచెం విషాదంగా ఉంటుంది. వాల్టర్ ఎవాన్స్-వెంట్జ్ అమెరికన్, దివ్యజ్ఞాన సమాజం సభ్యుడు. డార్జీలింగ్ ప్రాంతంలో ఆయనకు ఒక టిబెటన్ రాతప్రతి దొరికింది. ఆయనకు టిబెటన్ రాదు. 1919లో గాంగ్‌టక్‌లో బడి ప్రధానోపాధ్యాయుడుగా ఉన్న కాజీ దావా సందుప్ దగ్గరికి వెళ్లాడు. అనువాదం ఆ ఉపాధ్యాయుడు చేశాడు. తర్వాత కలకత్తా విశ్వవిద్యాలయంలో టిబెటన్ బోధిస్తూ ఆయన 1922లో చనిపోయాడు. పుస్తకం 1927లో ఆక్స్‌ఫర్డ్‌నుంచి వెలువడింది. దానికి ఎవాన్స్-వెంట్జ్ 'టిబెటన్ బుక్ ఆఫ్ ది డెడ్' అని పేరు పెట్టాడు. ఈజిప్టువాళ్ల మృతుల గ్రంథానికి జోడుగా పెట్టిన పేరది. పొడుగాటి పీఠికలు, అడుగడుగునా వివరణలు ఆయనే రాశాడు.

అసలు ఆ గ్రంథం ఏమిటి? మనిషి పోయాక ఆ ఇంట్లో లామా కూర్చుని, పోయినవాణ్ణి పేరుపెట్టి పిలుస్తూ చదివే పాఠం. ఇప్పుడు నీకు ఇలాంటి వెలుగు కనబడుతుంది, బెదరకు, అది నీ మనసులోంచి వచ్చిందే అని దారి చెబుతారు. 49 రోజుల వరకు ఈ పఠనం సాగవచ్చు. మన ఇళ్లలో ఎవరైనా పోయినప్పుడు గరుడపురాణం చదివించుకుంటాం కదా, అలాగే చావు జరిగిన ఇంటి మధ్య పుట్టి పెరిగిన గ్రంథమది. అందులో కర్మను బట్టి పశుజన్మ కూడా రావచ్చని స్పష్టంగా ఉంది. దివ్యజ్ఞానుల సిద్ధాంతం ప్రకారం మనిషిగా ఎదిగిన జీవుడు మళ్లీ జంతువుగా దిగజారడు. కాబట్టి పశుజన్మ అన్నది పామరుల కోసం చెప్పిన పైమాట అనీ, లోపలి అర్థం వేరనీ ఎవాన్స్-వెంట్జ్ పీఠికలో వాదించాడు. అనువాదం చేసిన ఉపాధ్యాయుడు కూడా ఇందుకు ఒప్పుకున్నాడన్నాడు. అవునో కాదో చెప్పడానికి ఆయన అప్పటికి లేడు. లోకమంతా చదివిన ఆ పుస్తకంలో మూలం ఒకటి చెబుతుంటే పీఠిక ఇంకోటి చెబుతూ ఉంటుంది.

ఫ్రాన్సులో రెనే గేనోన్ ఈ ధోరణినంతా తీవ్రంగా ఖండించాడు. 1921లో దివ్యజ్ఞాన సమాజాన్ని నకిలీ మతమని పుస్తకమే రాశాడు. అదే ఏడాది హిందూ సిద్ధాంతాల మీద, 1925లో వేదాంతం మీద ఆయన రాసినవాటిలో క్రమశిక్షణ ఎక్కువ, ఊహ తక్కువ. ఇండియాకు మాత్రం ఎన్నడూ రాలేదు. చివరికి కైరోలో స్థిరపడి, సూఫీగా బతికి, 1951లో అక్కడే పోయాడు. బౌద్ధాన్ని ఆయన మొదట దారితప్పిన శాఖగా తీసిపారేశాడు. సిలోన్ తమిళ తండ్రికి, ఇంగ్లీషు తల్లికి పుట్టి బోస్టన్ మ్యూజియంలో పనిచేస్తున్న ఆనంద కుమారస్వామి, మరో మిత్రుడు మార్కో పాలిస్ ఆధారాలు చూపించి వాదించాక అభిప్రాయం మార్చుకున్నాడు. తన పుస్తకంలోని ఆ అధ్యాయాన్ని తిరగరాశాడు. అంత పట్టుదల గల మనిషి ఒక ఆసియా పండితుడి మాటకు తలొగ్గి అచ్చయిన అధ్యాయాన్ని మార్చడం నాకు చాలా నచ్చిన విషయం.

ఇక మదనపల్లె కుర్రవాడి సంగతి. జిడ్డు కృష్ణమూర్తి 1895లో అక్కడ పుట్టాడు. తండ్రి నారాయణయ్య రెవెన్యూ శాఖలో ఉద్యోగం చేసి, విరమణ తర్వాత 1909లో పిల్లలతో అడయారు చేరారు. ఆ ఏడాదే సముద్రపు ఒడ్డున ఆ పిల్లవాణ్ణి లెడ్‌బీటర్ చూశాడు. ఇతడి తేజస్సులో స్వార్థం లేశమైనా లేదు, ఇతడు గొప్ప గురువవుతాడన్నాడు. బౌద్ధులు ఎదురుచూసే మైత్రేయుడు, ఒకప్పుడు శ్రీకృష్ణుడుగా, తర్వాత ఏసుక్రీస్తుగా వచ్చినది ఆ ఒక్కరేననీ, ఆయన ఈసారి ఈ బాలుడి దేహంలోకి దిగుతాడనీ సిద్ధాంతం తయారైంది. మూడు మతాల ఆశలను ఒక పద్నాలుగేళ్ల పిల్లవాడి భుజాల మీద పెట్టారు. 1911లో ఆయన కోసం ఒక సంఘం వెలిసింది. లెడ్‌బీటర్ ఆయన పూర్వజన్మల చరిత్రలు పత్రికలో వరసగా ప్రచురించాడు. పిల్లలను తిరిగి ఇప్పించమని తండ్రి మద్రాసులో దావా వేసి గెలిచారు. 1914లో ప్రీవీ కౌన్సిల్ ఆ తీర్పును కొట్టివేసింది. ఇంగ్లండులో పెరిగిన కృష్ణమూర్తి మాతృభాష తెలుగే మరిచిపోయారు.

ఇంతవరకు మనం చూసినవాళ్లు పుస్తకం పక్కన కూర్చున్నవాళ్లు. ఇక్కడ మనిషే పుస్తకమయ్యాడు. ఆయన మీద ఇతరులు రాస్తూ పోయారు. ఇరవై ఏళ్లు అలా రాయించుకుని, 1929 ఆగస్టు 3న హాలెండులోని ఓమెన్‌లో సుమారు మూడువేల మంది సభ్యుల ముందు, దివ్యజ్ఞాన సమాజం అధ్యక్షురాలు అనీ బెసెంట్ సమక్షంలోనే, ఆయన ఆ సంఘాన్ని రద్దు చేశారు. సత్యానికి ఏర్పరిచిన మార్గం లేదన్నారు, శిష్యులు వద్దన్నారు. సంఘానికి కానుకగా వచ్చిన కోటను, ఆ భూములను దాతకు తిరిగి ఇప్పించారు. ఆయన్ని తల్లిలా పెంచిన బెసెంట్‌కు అప్పుడు 81 ఏళ్లు. ఆ వయసులో ఆమె పడ్డ నొప్పిని కూడా నేను మరవలేను. ఆమె ఆయన్ని ప్రేమించడం మానలేదు, నాలుగేళ్ల తర్వాత అడయారులోనే కన్నుమూశారు.

కృష్ణమూర్తి ఆ తర్వాత 1986లో పోయేదాకా దేశదేశాల్లో మాట్లాడుతూనే ఉన్నారు. ఆయన పుట్టిన మదనపల్లె దగ్గర రిషివ్యాలీ బడి నడిచింది. మైత్రేయుడు, గురుపరంపర, గుప్తజ్ఞానం అన్న మాటలన్నిటినీ పక్కనపెట్టారు. అంతటితో ఆగలేదు. ఉపనిషత్తులు చెప్పిందే మీరూ చెబుతున్నారని మన పండితులు ఆయన్ని దగ్గరికి తీసుకోబోతే, గ్రంథప్రమాణం దేనికీ తాను కట్టుబడనని వాళ్లతోనూ తేల్చి చెప్పారు. భారతీయ తత్త్వవేత్త అని పరిచయం చేసినా ఒప్పుకునేవారు కాదు.